డబ్బా మీద సీను

పోయిన ఆదివారం పొద్దున ఖాజా మా ఇంటికి వచ్చాడు. చేతిలో బట్టల షాపు కవరు, అందులో మా పాత టిఫిన్ డబ్బా. ఆ టైముకి నేను మంచం మీద పడుకుని ఫోన్లో ఖాజానే చూస్తున్నాను. వాడిప్పుడు వెబ్ సిరీసుల్లో చేస్తున్నాడు. హీరో ఏం కాలేదు, విలన్ పక్కన నిలబడి నాలుగు మాటలు అనే వేషాలు. అయినా వాడు పెట్టే ప్రతి వీడియో చివరిదాకా చూస్తాను. లైక్ మాత్రం కొట్టను. చూసినట్టు వాడికి తెలియకూడదని వేరే పేరుతో ఒక అకౌంటు కూడా పెట్టుకున్నాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. వాడి గొంతు చెవి పక్కన ఫోన్లోంచి, గడప దగ్గర నుంచి ఒకేసారి వినబడేసరికి గబుక్కున ఫోన్ బోర్లా పెట్టాను.

"ఇన్నేండ్లకు యాదికొచ్చిందా బిడ్డా నీకు?" అని అమ్మ డబ్బా తీసుకుని చుట్టూ తిప్పి చూసింది. "గీ చొట్ట ఎట్ల పడ్డది?"

"ఊరూరు తిరిగింది కదమ్మా. నాకంటే ఎక్కువ షోలు చేసింది" అన్నాడు ఖాజా.

అమ్మ నవ్వింది. నాయన కూడా నవ్వాడు. మర్నాడు నేను లక్డారం దారిలో ఒక మందుల కంపెనీలో కొత్తగా చేరాలి. కొత్త డబ్బా కొనాలని అమ్మ రెండు రోజుల నుంచి అంటోంది. ఇగ అవసరం లేదు, పాతదే తిరిగొచ్చింది. నేనొక్కడినే నవ్వలేదు. ఆ డబ్బా మీద ఉన్నది నా పేరు. స్టేజీ ఎక్కి ఊర్లు తిరిగింది అది. నేను కాదు.

అది రెండు గిన్నెల స్టీలు డబ్బా. నన్ను తొట్టెల్లో వేసిన నాడు మేనమామ తెచ్చాడట. మా దగ్గర స్టీలు గిన్నె ఏది కొన్నా దాని మీద పేరు కొట్టించకుండా ఇంటికి తేరు. పటాన్‌చెరు మార్కెట్లో స్టీలు సామాన్ల షాపు ఖాజా వాళ్ళ నాయన యూసుఫ్ చాచాది. సూది మిషన్‌తో చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టేది కూడా ఆయనే. చాచా తెలుగు అక్షరాలు బడిలో నేర్చుకోలేదు, గిన్నెల మీదే నేర్చుకున్నాడు. చెవికి ఎట్లా వినబడితే అట్లా కొడతాడు. మా మామ నోట్లో 'శీను' ఎప్పుడూ 'సీను'యే. చాచా అదే కొట్టాడు. స్కూల్లో శ్రీనివాస్, ఇంట్లో శీను, డబ్బా మీద సీను. ఖాజా, నేను ఒకే బెంచీ. మధ్యాహ్నం డబ్బా తీస్తే చాలు, వాడు మొదలుపెట్టేవాడు. "నీకు డబ్బా మీదనే సీను రా. బయట అంత సీను లేదు." క్లాసంతా నవ్వేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, రెండు మూడు సార్లు వాడిని కొట్టాను కూడా. ఆరో క్లాసు దాటాక ఆ డబ్బా మోయడం మానేశాను. నాయన దాన్ని కంపెనీకి తీసుకుపోవడం మొదలుపెట్టాడు.

అప్పట్లో మేమున్నది పటాన్‌చెరు అవతల రెండు గదుల కిరాయి ఇల్లు. గాలి ఇటు తిరిగిందంటే కంపెనీల వాసన. కుళ్ళిన గుడ్డులో నెయిల్ పాలిష్ కలిపినట్టు ఉండేది. అదే వాసన నాయన అంగీకి కూడా పట్టేది. అందుకే అమ్మ ఆ అంగీని ఇంట్లోకి రానిచ్చేది కాదు. తలుపు బయట గోడకు ఒక మేకు కొట్టి ఉండేది, నాయన అంగీ విప్పి అక్కడే తగిలించి, నల్లా కింద చేతులు మోచేతుల దాకా రుద్దుకుని లోపలికి వచ్చేవాడు. పొద్దున పోయేటప్పుడు డబ్బా మూత పెట్టి, దాని మీద అరచేత్తో రెండు సార్లు తట్టేవాడు. పిల్లను జోకొట్టినట్టు. ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు నేను చూసినట్టు గుర్తు లేదు. అప్పుడు నా కళ్ళు ఫోన్లో ఉండేవి. నాయన "తిన్నవా రా" అనేవాడు. "ఆఁ" అనేవాణ్ణి. ఖాజా వారంలో నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండేవాడు, అమ్మ పచ్చిపులుసు అంటే వాడికి ప్రాణం. మా అమ్మ గిన్నెలు సర్దుతుంటే, మా నాయన చెప్పులు దులుపుకుంటుంటే వాడు గోడకు ఆనుకుని ఊరికే చూస్తూ కూర్చునేవాడు. పనిలేనోడు అనుకునేవాణ్ణి.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉన్నప్పుడు నాయనకు గేట్ బంద్ అయింది. మా కంపెనీల ఏరియాలో ఈ మాట తెలియని ఇల్లు ఉండదు. ఉద్యోగం తీసేశామని కాగితం ఇవ్వరు. కాంట్రాక్టరు సెక్యూరిటీ వాళ్ళకు ఒక పేరు చెబుతాడు, పొద్దున పోతే గేటు దగ్గర ఆపుతారు, అంతే. నాయనతో పనిచేసే బిహారీ పిల్లవాడికి చెయ్యి కాలితే, దవాఖాన ఖర్చు ఎవరు పెట్టుకుంటారని నాయన పదిమందిలో అడిగాడు. మర్నాడు ఆయన పేరు గేటు దగ్గరికి పోయింది. ఈ కథంతా మాకు తర్వాత తెలిసింది. నాయన ఇంట్లో చెప్పలేదు. రోజూ లాగే లేచి, డబ్బా మీద రెండు సార్లు తట్టి, అదే టైముకి పోయి అదే టైముకి వచ్చేవాడు.

ఒక రోజు కాలేజీ ఎగ్గొట్టి బండి మీద పోతూ ఔటర్ రింగు రోడ్డు పిల్లర్ల కింద నాయనను చూశాను. పేపరు పరిచి, దాని మీద డబ్బా విప్పి, ఒంటిగంటకు కంపెనీలో తిన్నట్టే తింటున్నాడు. తల ఎత్తాడు. నన్ను చూశాడు. నేనూ చూశాను. ఆయన మళ్ళీ గిన్నెలోకి తల వంచాడు, నేను బండి తిప్పుకున్నాను. సాయంత్రం వచ్చి, "ఇయ్యాల లోడు ఎక్కువుండె, నడుములు పోయినయ్" అన్నాడు. "ఔనా" అన్నాను, ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఎవరిది పెద్ద అబద్ధమో ఇప్పటికీ తేలలేదు. ఆ సంగతి ఒక్క ఖాజాకే చెప్పాను. అది కూడా ఒకటే ముక్క. "మా నాయనను ఔటర్ కింద చూసిన రా. డబ్బా తింటుండె."

ఆ రోజుల్లోనే భాగ్యక్క మా కాలనీకి వచ్చింది. వాళ్ళ నాన్న గుంటూరు వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, అక్క ఇక్కడే పుట్టి పెరిగినా మాట మాత్రం ఇంటి మాటే. కమ్యూనిటీ హాల్లో పిల్లలను పోగుచేసి నాటకం వేయిస్తానంది. కంపెనీల వాసనలో పెరిగిన కుర్రాళ్ళ నాటకం. పనిలేదు, పైసల్లేవు, ఇంట్లో మాట లేదు, బయట ప్రతి దానికీ కొట్లాట. ముగ్గురు దోస్తులు. అందులో రాజు అనేవాడి నాయనకు గేట్ బంద్ అవుతుంది. చివరికి, నాయన మీద దోస్తు వేసిన ఒక్క జోకుకు రాజు వాడిని కత్తితో పొడుస్తాడు. నాటకం పేరు కూడా 'గేట్ బంద్'. రాజు వేషం అక్క నాకిచ్చింది. కోపం నీ మొహంలోనే ఉందిరా అంది. ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చి, "నాటకంల హీరో నేనే, నువ్వు రావాలె" అని నాయనతో అన్నాను. నాయన నెలల తర్వాత నా మొహంలోకి సూటిగా చూశాడు. "ఏ దినం?" అని అడిగాడు.

ఆ వేషం నా దగ్గర పదిహేను రోజులు కూడా ఉండలేదు. కొట్లాట సీనులో చెంపదెబ్బ గాలిలో ఆపాలి, చప్పుడు పక్కవాడు చప్పట్లతో చెయ్యాలి. దోస్తు వేషం ఖాజాది. వాడు జోకు అనగానే నేను నిజంగానే కొట్టాను. ఒకసారి కాదు, మూడు రోజులు వరసగా. మూడో రోజు వాడి పెదవి చిట్లింది.

"నీకు కోపం వస్తుంది శీనూ. కోపం చెయ్యడం రాదు. నాకు రెండోది కావాలి" అంది భాగ్యక్క. ఆమె గొంతు పెంచలేదు, అదే ఎక్కువ మండింది. రాజు వేషం ఖాజాకు పోయింది. నాకు సామాన్లు చూసుకునే పని ఇచ్చింది. స్టూలు, కత్తి, టోపీ ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు అందించాలి. ఇంట్లో మాత్రం చెప్పలేదు. హీరో నేనే అని నాయన ఇంకా అనుకుంటూనే ఉన్నాడు.

తర్వాత ఒక రోజు అక్క, ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చేసి చూపించండి అని అందరికీ పని పెట్టింది. ఖాజా లేచాడు. ఎవరిదో టోపీ తలకు పెట్టుకున్నాడు. నీళ్ళ సీసా చేతిలోకి తీసుకుని, దాని మీద అరచేత్తో రెండు సార్లు తట్టాడు. ఎడమ భుజం కొంచెం కిందికి వంచి నడిచాడు. కింద కూర్చుని పేపరు పరిచాడు, ముందు చేతి వేళ్ళు వాసన చూసుకున్నాడు, తర్వాత తినడం మొదలుపెట్టాడు. తల ఎత్తి ఎవరినో చూశాడు, మళ్ళీ వంచాడు. అది మా నాయన. నేను వాడికి చెప్పింది ఒక్క ముక్క. ఆ తట్టడం, ఆ భుజం, ఆ వేళ్ళ వాసన నేను చెప్పలేదు, నాకే తెలియదు. వాడు మా ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని తీసుకున్నాడవన్నీ, నేను పక్కనే ఫోన్ చూసుకుంటుంటే.

బయటికి లాక్కుపోయి కాలర్ పట్టుకున్నాను. "అది నాది రా."

"నీదే. తీస్కో. పోయి నువ్వు చెయ్యి, నేను కూసుంట."

పోయి చేశాను. అక్క వద్దనలేదు. భుజం వంచాను, సీసా తట్టాను. సగంలో ఎవరో కిసుక్కుమన్నారు. నడక నాయనది కాదు, ఖాజా చేసిన నాయనది. మా నాయనను నేను ఖాజాను చూసి నేర్చుకుంటున్నాను. వెనక నుంచి ఒకడు, "ఊకో రా, నీకంత సీను లేదు" అన్నాడు. ఈసారి ఎవరినీ కొట్టలేదు. కొట్టడానికి చెయ్యి రాలేదు. ఆ సీను నాటకంలో చేరింది. రాజు తన నాయన ఎట్లా పోతాడో చూపిస్తూ, టోపీ పెట్టుకుని నాయనగా మారిపోతాడు. సీసా కాదు, నిజం డబ్బా కావాలంది అక్క. సామాన్ల మనిషిని నేనే కదా. ఇంటికి పోయి అడిగితే అమ్మ డబ్బాను బూడిదతో తోమి తళతళలాడించి ఇచ్చింది. "హీరో డబ్బా" అంది.

నాటకం నాడు హాలు నిండింది. ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు, పోతిరెడ్డిపల్లి నుంచి అక్క బంధువులు, యూసుఫ్ చాచా, గోడల వెంట బిహారీ పిల్లలు. తెర సందులోంచి చూశాను. మూడో వరసలో అమ్మ, పక్కన నాయన. ఇస్త్రీ అంగీ, తల దువ్వుకుని, రెండు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నా కోసం ఎదురుచూస్తున్నాడు. ఖాజా రాజుగా స్టేజీ మీదికి పోయాడు. నాయన కళ్ళు వాడిని దాటి వెనక్కి వెతికాయి. ఇంకొకడు వచ్చాడు, వాడిని కూడా దాటి వెతికాయి. అప్పుడు నాలో ఏదో రాజుకుంది. స్టూలు మీద పెట్టాల్సిన డబ్బాను సామాన్ల సంచీలో వేసి మూతి బిగించి కట్టాను. చెయ్యి రా ఇప్పుడు, మా నాయనను డబ్బా లేకుండా చెయ్యి.

ఖాజా టోపీ పెట్టుకున్నాడు. భుజం వంచాడు. స్టూలు మీదికి చెయ్యి చాపాడు. ఖాళీ. ఒక క్షణం వాడి మొహంలో ఖాజా కనబడ్డాడు, వెంటనే మాయమయ్యాడు. అటూ ఇటూ చూసి, ఇంట్లోకి కేకేసినట్టు, "ఏమే, డబ్బా ఏది?" అన్నాడు.

నాటకంలో ఆ మాట లేదు, జవాబు చెప్పే మనిషీ లేదు. చెప్పింది మా అమ్మ. మూడో వరసలోంచి, ఏళ్ళ అలవాటుతో, "గిన్నెల స్టాండు కిందనే ఉంటది సూడు" అంది. హాలంతా గొల్లుమంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగింది. ఖాజా ఇంకా చెయ్యి చాపుకునే ఉన్నాడు. అటు పక్క నుంచి భాగ్యక్క నన్ను చూస్తోంది. సంచీ మూతి విప్పి డబ్బా తీసి నడిచాను. ఒంటి మీద మామూలు టీషర్టు, ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో ఫోన్. చీకట్లో సామాన్లు వెతకడానికి వేసిన టార్చి వెలుగుతూనే ఉంది, ఆర్పడం మర్చిపోయాను.

వాడు డబ్బా అందుకున్నాడు. రెండు సార్లు తట్టాడు. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఆ దినం నన్ను సూసినవ్ గదరా" అన్నాడు. "ఔటర్ కింద."

అది ఖాజా గొంతు కాదు. మా నాయన నన్ను ఎన్నడూ అడగని మాట అది. తిరిగి పోదామనుకున్నాను, పోలేదు.

"సూసిన" అన్నాను.

"మరి ఎందుకు పిలవలే?"

తల తిప్పుకున్నాను. చేతిలో ఫోను కూడా తిరిగింది, టార్చి వెలుగు పోయి మూడో వరసలో పడింది. నాయన ఖాజాను చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. వెలుగు కళ్ళలో పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"పో, కాలేజీకి పో. లేటయితది" అని ఖాజా భుజం వంచుకుని వెళ్ళిపోయాడు.

అయిపోయాక నాయన బయట నిలబడి ఉన్నాడు. నా దగ్గరికి వస్తాడనుకున్నాను. నేరుగా ఖాజా దగ్గరికి పోయాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, "మంచిగ చేసినవ్ బిడ్డా. గని నా భుజం గంత వంగది. జెర తక్కువ వంచు" అన్నాడు. అక్కడే నిలబడి ఎంత వంచాలో నడిచి చూపించాడు. వాడు వెనక నడిచాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. నేను స్టూళ్ళు మోస్తున్నాను. హీరో నేనేనని చెప్పి పిలిచిన సంగతి నాయన ఎత్తలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. ఇంటికి నడుస్తుంటే అమ్మే, ఎవరితోనో అన్నట్టు, అంది. "కంపెనీల నల్లా కింద కడిగి తెచ్చే డబ్బా, ఎప్పుడయితే ఎండిన మెతుకులతోటి వచ్చిందో ఆనాడే తెలిసింది నాకు. అంగీకి వాసన కూడ పోయె. అందుకే లోపట తగిలిస్తున్న." నాకు అప్పుడు గుర్తొచ్చింది. బయట గోడకున్న మేకు నెలల నుంచి ఖాళీగానే ఉంది. అందరూ అందరినీ చూస్తూనే ఉన్నారన్నమాట. చూడనిది నేనొక్కణ్ణే.

ఆ నాటకం తర్వాత చాలా ఊళ్ళు తిరిగింది. నేను పోలేదు. కోపం వచ్చి మానేశాను. ఆ రోజు తప్పులో పుట్టిన మూడు నాలుగు మాటలను భాగ్యక్క నాటకంలో రాసిపెట్టింది, నా 'సూసిన'ను ఇంకో అబ్బాయికి ఇచ్చింది. ఒక్క మాట, అది కూడా పోయింది. డబ్బా కూడా వాళ్ళతోనే పోయింది. నాయన ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా కుదిరాడు, ఇప్పటికీ అదే పని. నేను కొన్నేళ్ళు బండి మీద పార్సిళ్ళు వేశాను. మేము ఆ రెండు గదుల నుంచి ఇటు మూడు గదులకు మారాం. ఇక్కడ గాలికి వాసన తక్కువ. తలుపు బయట మేకు లేదు. నాయన ఇప్పటికీ "తిన్నవా రా" అంటాడు. ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి "తిన్న" అంటాను. మారింది అంతే. దాన్ని పెద్ద మార్పు అని రాయలేను.

ఆదివారం ఖాజా, నాయన అరగంట మాట్లాడుకున్నారు. షూటింగుల్లో అన్నం ఎట్లా పెడతారు, దెబ్బలు ఎట్లా తగలవు, అన్నీ నాయన అడుగుతున్నాడు. నాతో ఒక వారంలో అన్ని మాటలు మాట్లాడడు. నేను ఫోన్ చూస్తున్నట్టు పెట్టుకుని అన్నీ విన్నాను. పోయేటప్పుడు గేటు దాకా వెళితే ఖాజా బండి ఎక్కి, "ఆ పోరనికి నీ మాట ఎన్నడు రాలే రా" అన్నాడు.

"ఏ మాట?"

"సూసిన అని. వాడు గట్టిగ అనేటోడు. నువ్వు మింగినట్టు అన్నవ్. అక్క ఎంత చెప్పినా వానికి రాలే."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ అబ్బాయి ఎవరో కూడా నాకు తెలియదు. వాడికి రాలేదని సంతోషం. ఖాజాకు అది తెలిసిపోయి ఉంటుంది. వాడికి అన్నీ కనబడతాయి. "అంత సీను లేదు వానికి" అని నవ్వి బండి స్టార్ట్ చేశాడు.

సోమవారం పొద్దున అమ్మ డబ్బాలో అన్నం, పప్పు పెట్టింది. నాయన డ్యూటీకి పోయే తొందరలో ఉన్నాడు. మూత తనే పెట్టి, అరచేత్తో రెండు సార్లు తట్టి నా చేతికిచ్చాడు.

"కడిగి తే" అన్నాడు.

ఖాజాకు అరగంట. నాకు రెండు మాటలు. బస్సులో కూర్చుని అదే లెక్కేసుకున్నాను. ఫోన్ తీసి వాడి కొత్త వీడియో పెట్టాను, సగంలో ఆపేశాను. లైక్ కొట్టలేదు. మధ్యాహ్నం తిన్నాక, గేటు లోపల, నల్లా దగ్గర లైన్లో నిలబడి డబ్బా కడిగాను. పప్పు కారి పేరు చుక్కల్లో ఎండిపోయింది, గోటితో గీకి గీకి తీశాను. వెనకున్నతను జల్దీ కానీ భాయ్ అన్నాడు. కానివ్వలేదు. ఈ సీను ఎవరికీ ఇయ్య.